మా బడిలో నాలుగు హౌస్‌లు పెడుతున్నాం, ఏ పేర్లు పెట్టమంటారు?

బడిగంట (ఆదివారం, రాత్రి 8:15)

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లా మెట్టప్రాంతంలో ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆరు నుంచి పది దాకా మూడొందల పైచిలుకు పిల్లలు, ఐదు ఊళ్ళ నుంచి వస్తారు. ఏ ఆట పెట్టినా ఊరికొక జట్టుగా విడిపోతారు. పోయిన నెల కబడ్డీలో మొదలైన తగువు ఇళ్ళ దాకా వెళ్ళింది. ఇద్దరు పిల్లలు వారం రోజులు బడికి రాలేదు. అప్పుడు మా పీడీ సార్ అన్నారు, "మేడమ్, పిల్లల్ని నాలుగు జట్లుగా పంచి హౌస్‌లు పెడదాం. ఒక్కో హౌస్‌లో ఐదూళ్ళ పిల్లలూ ఉండాలి" అని.

స్టాఫ్ మీటింగులో అందరూ సరేనన్నారు. పేర్ల దగ్గర ఆగిపోయాం. కొందరు గాంధీ, నెహ్రూ, సుభాష్, పటేల్ అన్నారు. కొందరు పేర్లెందుకు, ఎరుపు, నీలం, పచ్చ, పసుపు చాలన్నారు. నదుల పేర్లు పెడదామన్నవాళ్ళూ ఉన్నారు. మా ఏడో తరగతి పిల్ల ఒకతి మాత్రం నన్ను ఇలా అడిగింది: "టీచర్, వాళ్ళెవరైనా మన వైపు వచ్చారా?"

ఆ మాట నన్ను వదలడం లేదు. మీరు చదివిన బడుల్లో హౌస్‌లు ఉండేవా? ఏ పేర్లు? ఆ పేరు మీకేమైనా ఇచ్చిందా? పిల్లల్ని ఎలా పంచారో కూడా చెప్పండి.

శివాలిక్ రెడ్ (ఆదివారం, రాత్రి 8:40)

నేను చదివింది నవోదయ, కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి. మా హౌస్‌లు ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. దేశంలో ఏ నవోదయకు వెళ్ళినా ఇవే నాలుగు. బడి వదిలి పద్దెనిమిదేళ్ళైంది, ఇప్పటికీ ఎర్ర టీషర్టు చూస్తే నాది అనిపిస్తుంది మేడమ్. పేర్లు తప్పకుండా పెట్టండి. రంగులు మాత్రమే పెడితే టీషర్టు చిరిగిన రోజే మర్చిపోతారు.

నీలగిరి98 (ఆదివారం, రాత్రి 10:05)

నేనూ నవోదయే, మేడమ్. కొంచెం పెద్దగా రాస్తాను, ఏమనుకోకండి.

ఆరో తరగతిలో రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని నాన్నతో వెళ్ళాను. ఆఫీసులో ఒక సార్ కాగితం చూసి "నీలగిరి" అన్నారు. అప్పటినుంచి ఏడేళ్ళు అదే నా ఇంటి పేరు. పొద్దున పీటీకి నీలగిరి లైను, మెస్‌లో నీలగిరి వరుస, రాత్రి రోల్ కాల్ నీలగిరి డార్మిటరీలో. ఆరో తరగతి పిల్లవాడికి జ్వరమొస్తే పన్నెండో తరగతి అన్న పళ్ళెంలో గంజి తెచ్చిచ్చేవాడు. ఆ అన్నది ఏ ఊరో, ఏ కులమో నాకు తెలియదు. మా హౌస్ అని మాత్రం తెలుసు. మీ పీడీ సార్ కోరుకుంటున్నది ఇదే అనుకుంటాను.

తొమ్మిదో తరగతిలో మాలో కొందరిని ఏడాది పాటు మధ్యప్రదేశ్‌లోని నవోదయకు పంపారు. వాళ్ళ పిల్లలు మా బడికి వచ్చారు. దీన్ని మైగ్రేషన్ అంటారు, ప్రతి నవోదయలోనూ ఉంటుంది. నాకు హిందీ సరిగ్గా రాదు. రొట్టె తినలేక మొదటి రాత్రి ఏడ్చాను. మర్నాడు పొద్దున ఒకబ్బాయి వచ్చి, "ఏ హౌస్?" అని అడిగాడు. నీలగిరి అన్నాను. "మాదీ నీలగిరే, రా" అని చెయ్యి పట్టుకుని లైన్లో నిలబెట్టాడు. దేశమంతా ఒకే పేర్లు పెట్టడం వల్ల ఏం లాభమని ఎవరైనా అడిగితే నేను ఆ చెయ్యి గురించి చెప్తాను.

కానీ ఒక బాధ కూడా ఉంది. ఆ ఏడేళ్ళలో నీలగిరి అంటే ఏమిటో మాకెవరూ చెప్పలేదు. మా టీషర్టు పచ్చ రంగు. నీలం ఆరావళి వాళ్ళది. పేరులో నీలం ఉండి టీషర్టు పచ్చగా ఎందుకుందని చిన్నప్పుడు అయోమయంగా ఉండేది. ఉద్యోగమొచ్చాక ఊటీ వెళ్ళి దొడ్డబెట్ట ఎక్కాను. 2,637 మీటర్లని బోర్డు మీద రాసి ఉంది. పన్నెండేళ్ళకోసారి ఆ కొండల మీద కురింజి పూసి కొండంతా నీలమవుతుందని, ఆ పేరు అందుకే వచ్చిందంటారని అక్కడ టీ అమ్మే ఆయన చెప్పారు. నేను ఏడేళ్ళు మోసిన పేరుకు అర్థం ఇరవై ఆరేళ్ళ వయసులో ఒక టీ బండి దగ్గర తెలిసింది. మీ పిల్లలకు అలా కాకుండా చూడండి మేడమ్.

ఇంకొకటి. ఆరావళి రాజస్థాన్ వైపు, శివాలిక్ హిమాలయాల పాదాల దగ్గర, నీలగిరి ఊటీలో. మరి ఉదయగిరి ఎక్కడ? నాకు ఇప్పటికీ తెలియదు.

పెన్నాతీరం (ఆదివారం, రాత్రి 10:20)

ఉదయగిరి ఎక్కడేమిటి తమ్ముడూ, మా నెల్లూరు జిల్లాలోదే! టీచర్ గారి బడి నుంచి బస్సెక్కితే గంటా గంటన్నరలో చేరొచ్చు. మూడు వేల అడుగుల కొండ మీద కోట. అది ఒడిశా గజపతుల చేతిలో ఉండేది. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గెలుచుకున్నారు. అక్కడి గుడిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి, దాని కోసం గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించారు. హంపీలో కృష్ణాలయం చూసినవాళ్ళు మా ఉదయగిరిని చూసినట్టే. ఇప్పుడు ఉదయగిరి చెక్క చెంచాలకు పేరు, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కళింగతీరం (సోమవారం, ఉదయం 7:10)

పెన్నాతీరం అన్నా, మీ కోట మీద నాకు గౌరవం ఉంది. కానీ నవోదయ ఉదయగిరి మీది కాదనుకుంటాను. నేను బరంపురం తెలుగువాణ్ణి, భువనేశ్వర్‌లో చదువుకున్నాను. నాలుగు పేర్లూ ఒకసారి దేశపటం మీద పెట్టి చూడండి. శివాలిక్ ఉత్తరం, నీలగిరి దక్షిణం, ఆరావళి పడమర. మిగిలింది తూర్పు. తూర్పున ఉదయగిరి అంటే భువనేశ్వర్ పక్కన ఉన్న కొండే. అక్కడ కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనం ఉంది, పదిహేడు పంక్తులు. అందులో శాతకర్ణిని లెక్క చేయకుండా పడమరకు సైన్యం పంపానని రాయించుకున్నాడు. అంటే మన శాతవాహనుల మాట కూడా ఆ రాతి మీద ఉంది.

పాతరాయి (సోమవారం, ఉదయం 8:30)

ఇద్దరికీ నమస్కారం. మధ్యప్రదేశ్‌లో విదిశ పక్కన ఇంకో ఉదయగిరి ఉంది. గుప్తుల కాలపు గుహలు, భూదేవిని కోరతో ఎత్తుతున్న పెద్ద వరాహమూర్తి అక్కడివే. కన్యాకుమారి దగ్గర తిరువాన్కూరు రాజుల కోట పేరూ ఉదయగిరే. ఒడిశాలోనే జాజ్‌పూర్ వైపు బౌద్ధ ఉదయగిరి వేరే ఉంది.

ఇన్ని చోట్ల ఒకే పేరు ఉండడానికి కారణం ఉంది. ఉదయగిరి అంటే పొద్దు పొడిచే కొండ. మన కావ్యాల్లో ఉదయాద్రి, ఉదయాచలం అనేది అదే. ఏ ఊరివాళ్ళకు ఏ కొండ మీద సూర్యుడు కనిపిస్తే అది వాళ్ళ ఉదయగిరి అయింది. కళింగతీరం గారు చెప్పిన నాలుగు దిక్కుల లెక్క నాకూ నచ్చింది. ఆ లెక్కలోనూ తూర్పుకు ఉదయగిరే సరిపోతుంది.

నీలగిరి98 (సోమవారం, ఉదయం 8:52)

ఏడేళ్ళు మా పక్క డార్మిటరీ పేరు ఉదయగిరి. ఈ వారం మా బ్యాచ్ గ్రూపులో ఇదంతా పెడతాను. చాలా థాంక్స్ సార్.

కేవీ అమ్మ (సోమవారం, మధ్యాహ్నం 1:15)

మా అమ్మాయి కేంద్రీయ విద్యాలయంలో తొమ్మిది చదువుతోంది. వాళ్ళవి శివాజీ, టాగోర్, అశోక, రామన్. మీ పిల్ల అడిగినట్టే నేనూ ఒకసారి అనుకున్నాను, వీళ్ళకూ మనకూ ఏమిటి సంబంధమని. సెలవుల్లో కూర్చుని వెతికితే నలుగురికీ ఉంది మేడమ్!

శివాజీ 1677లో గోల్కొండకు వచ్చి తానీషాను కలిశాడు, అదే యాత్రలో శ్రీశైలం కూడా వెళ్ళాడు. అక్కడి ఉత్తర గోపురాన్ని ఇప్పటికీ శివాజీ గోపురమనే పిలుస్తారు. టాగోర్ 1919లో మదనపల్లెలో కొన్నాళ్ళున్నారు, జనగణమనను ఆంగ్లంలోకి ఆయనే అక్కడ అనువదించారు. సి.వి. రామన్ తండ్రి విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. రామన్ చిన్ననాటి చదువంతా విశాఖలోనే, పదకొండేళ్ళకే మెట్రిక్ పాసయ్యారు. అశోకుడి శాసనాలు కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద ఉన్నాయి, గుత్తి నుంచి దగ్గరే. మేం కారాపి చూశాం. మా అమ్మాయిది అశోక హౌస్. ఆ బండ ముందు నిలబడి చాలాసేపు మాట్లాడలేదు.

అయితే ఇంటికొచ్చాక ఒకటే ప్రశ్న. "అమ్మా, నలుగురిలో ఒక్క ఆడమనిషి కూడా లేదేం?" నా దగ్గర జవాబు లేదు. టీచర్ గారూ, మీరు మనుషుల పేర్లు పెట్టేటట్టయితే దయచేసి సగం ఆడవాళ్ళవి పెట్టండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరు. టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేశారు. అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. మా అమ్మాయి వయసే.

చార్మినార్ చౌరస్తా (సోమవారం, సాయంత్రం 6:00)

ఈ హౌస్ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా టీచర్ గారు పిల్లలకు చెప్పాలె. ఇంగ్లండ్‌లో పాత బోర్డింగ్ బడుల్లో అది నిజంగా ఇల్లే. ఈటన్ లాంటి చోట దూరంనుంచి వచ్చిన పిల్లలు ఊళ్ళో ఒక్కొక్కరి ఇంట్లో బస చేసేటోళ్ళు. తర్వాత ఆ ఇండ్లు మాస్టార్ల చేతికొచ్చినయి. అందుకే అక్కడ చాలా హౌస్‌లకు మాస్టార్ల పేర్లే. ఈటన్‌లో ఇప్పటికీ హౌస్‌ను హౌస్ మాస్టర్ పేరులోని పొడి అక్షరాలతో పిలుస్తరు. మాస్టరు మారితే ఆ పేరూ మారుతది.

మన దేశానికి వచ్చేసరికి డబ్బిచ్చినోళ్ళ పేర్లయినయి. అజ్మీర్‌లో మేయో కాలేజీ 1875లో రాజకుమారుల కోసం పెట్టిన్రు. ఏ సంస్థానం వాళ్ళు ఆ సంస్థానం ఇల్లు కట్టుకున్నరు, జైపూర్ హౌస్, జోధ్‌పూర్ హౌస్ అని. డెహ్రాడూన్‌ల డూన్ స్కూల్ 1935లో మొదలైంది. అక్కడ హైదరాబాద్ హౌస్ ఉన్నది, నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తు. టాటా హౌస్, కాశ్మీర్ హౌస్ కూడా అంతే.

మా బేగంపేటల ఉన్న హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం మొదలైంది. 1951లో పబ్లిక్ స్కూల్ అయింది. సత్య నాదెళ్ళ అక్కడ నలందా హౌస్. జాగీర్దార్ల కోసం పెట్టిన బడిల హౌస్‌కు ఒక పాత విశ్వవిద్యాలయం పేరు పడ్డది. అది నాకు చాలా ఇష్టం. నలందకు పోవాల్నంటే జాగీరు అక్కరలేదు కదా.

బ్రిస్టల్ తెలుగు (సోమవారం, రాత్రి 11:40)

పేరు పెట్టేటప్పుడే కాదు, తీసేటప్పుడు కూడా పిల్లలు నేర్చుకుంటారని మా ఊరి అనుభవం చెప్తాను. బ్రిస్టల్‌లో ఎడ్వర్డ్ కోల్‌స్టన్ అని పాత వ్యాపారి. బడులకు, ఆసుపత్రులకు బోలెడు దానాలు చేశాడు. వీధులు, బడులు, హాలు అన్నిటికీ ఆయన పేరే ఉండేది. కానీ ఆ డబ్బులో కొంత ఆఫ్రికా మనుషుల్ని ఓడల్లో కుక్కి బానిసలుగా అమ్మిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ నుంచి వచ్చింది. 2020 జూన్ 7న జనం ఆయన విగ్రహాన్ని లాగి నీళ్ళలో పడేశారు. అది టీవీలో అందరూ చూశారు.

టీవీలో రానిది ఇంకొకటుంది. అంతకు ముందే ఇక్కడి సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ అండ్ టెంపుల్ స్కూల్లో కోల్‌స్టన్ హౌస్ పేరు మార్చి జాన్సన్ హౌస్ చేశారు. కేథరిన్ జాన్సన్, నాసాలో అంతరిక్ష నౌకల దారులు లెక్కగట్టిన నల్లజాతి గణితవేత్త. మనుషుల్ని సరుకుగా లెక్కపెట్టినవాడి పేరు పోయి, జాన్ గ్లెన్ ప్రయాణానికి లెక్కలు సరిచూసిన ఆమె పేరు వచ్చింది. కాబట్టి బడిగంట గారూ, పెట్టిన పేరు శాశ్వతమని భయపడకండి. తర్వాత వచ్చే పిల్లలు ప్రశ్నించి మార్చుకోవచ్చు. అలా మార్చుకునే వీలు ఉంచండి.

బడిగంట (మంగళవారం, రాత్రి 9:00)

మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని నేననుకోలేదు. నీలగిరి గారి పోస్టు, కేవీ అమ్మ గారి పోస్టు ప్రింటు తీసి స్టాఫ్ రూములో పెట్టాను.

ఇవాళ మళ్ళీ మీటింగు పెట్టాం. తిక్కన, పొట్టి శ్రీరాములు, ఇద్దరూ మన నెల్లూరుతో ముడిపడ్డవాళ్ళు కదా అని నేను చెప్పాను. కేవీ అమ్మ గారి మాట విని దుర్గాబాయి పేరు, జాషువా పేరు కూడా రాశాను. చెప్పాలంటే సిగ్గుగా ఉంది, ఐదు నిమిషాల్లో ఎవరు ఏ కులమో లెక్క మొదలైంది. "వాళ్ళవి రెండు, మావి ఒకటేనా" అని ఒకరు, "ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోరు" అని ఇంకొకరు. ఊళ్ళ గొడవ పోగొట్టడానికి మొదలుపెట్టిన పని కులం గొడవగా మారేటట్టుంది. చాలా టెన్షన్‌గా ఉంది.

విశ్రాంత హెచ్ఎమ్ (మంగళవారం, రాత్రి 10:30)

అమ్మా, బాధపడకు. ముప్పై నాలుగేళ్ళు బడుల్లో పనిచేశాను. మన దగ్గర మహనీయుల విగ్రహం ఏ వీధి మొగలో పెట్టారో చూసి ఆ వీధి ఎవరిదో చెప్పే రోజులొచ్చాయి. ఆ మహనీయులు అందరి కోసం బతికారు, మనం వాళ్ళను పంచుకున్నాం. అది ఆ పేర్ల తప్పు కాదు. కానీ పన్నెండేళ్ళ పిల్లవాడి వీపు మీద ఆ పేరు రాసి ఊళ్ళోకి పంపితే, ఆ పంపకం వాడి వీపు మీదికెక్కుతుంది. ఒకచోట నాకు ఇది జరిగింది. బహుమతుల రోజు ఒక హౌస్ గెలిచిందని ఊళ్ళో ఒక వీధిలో టపాకాయలు కాల్చారు. గెలిచిన జట్టులో ఆ వీధి పిల్లలు ఇద్దరే.

రంగుల దగ్గర కూడా జాగ్రత్త. పసుపు, నీలం, గులాబీ, మన రెండు రాష్ట్రాల్లో ఇవన్నీ పార్టీ రంగులు. ఎన్నికల ఏడాది పసుపు టీషర్టు వేసుకొచ్చిన పిల్లను టీ కొట్టు దగ్గర అటకాయించి అడుగుతారు. మేము చివరికి తెల్ల చొక్కా మీద భుజానికి రిబ్బను ముక్క కుట్టించాం. ఖర్చూ తక్కువ. ఇంటి దగ్గర వేరే టీషర్టు కొనలేనివాళ్ళు ఉంటారు, అది మర్చిపోవద్దు.

పంచే పద్ధతి: తరగతివారీగా హాజరు పట్టిక తీసుకుని, ఊరివారీగా వేరు చేసి, ఒక్కో ఊరి పిల్లలకు చీటీలు తీయించు. అప్పుడు ప్రతి హౌస్‌లోనూ ప్రతి ఊరూ, ప్రతి తరగతీ ఉంటాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకే హౌస్‌లో పడాలా వద్దా అని అడుగుతారు. పడనివ్వు. చిన్నది పెద్దదాన్ని చూసి నేర్చుకుంటుంది.

గ్రీన్ హౌస్ (బుధవారం, ఉదయం 6:20)

ఎప్పుడూ ఇక్కడ చదివి వెళ్ళిపోతాను, ఇవాళ రాయాలనిపించింది. నేను చదివిన ప్రైవేటు బడిలోనూ నాలుగు హౌస్‌లు. పేరుకు రంగులే. కానీ ఆరో తరగతి మొదటి పరీక్ష మార్కులు చూసి పంచారు. మొదటి యాభై ర్యాంకులూ బ్లూ. ఆఖరివాళ్ళం గ్రీన్. ఎవరూ ఆ మాట బయటికి చెప్పలేదు, అందరికీ తెలుసు. క్విజ్‌లో గ్రీన్ హౌస్ ఒక్కసారి కూడా గెలవలేదు. సార్లు "గ్రీన్ గాళ్ళు" అనేవారు. ఇప్పుడు నాకు ముప్పై ఒకటి, సొంతంగా వర్క్‌షాప్ నడుపుతున్నాను, ఎనిమిది మంది నా దగ్గర పనిచేస్తున్నారు. అయినా ఆ రంగు చొక్కా నేను కొనను.

మేడమ్, మార్కులకు పాయింట్లు పెట్టకండి. పెట్టినా నిరుటి కంటే ఎంత పెరిగిందో దానికి పెట్టండి.

బడిగంట (బుధవారం, ఉదయం 6:45)

తమ్ముడూ, మీరు రాసింది మా పీడీ సార్‌కి చదివి వినిపిస్తాను. మార్కులకు పాయింట్లు ఉండవు, మాటిస్తున్నాను.

పెన్నాతీరం (బుధవారం, మధ్యాహ్నం 2:10)

టీచర్ గారూ, రాత్రంతా ఆలోచించాను. మనుషుల పేర్లతో ఇబ్బంది, రంగులతో ఇబ్బంది. ఊళ్ళ పేర్లు, చోట్ల పేర్లు పెట్టండి. మన జిల్లాలోవే, పిల్లలు బస్సెక్కి పోయి చూసేవి. ఉదయగిరి ఎలాగూ ఉంది. పెన్నా ఉంది. నేలపట్టు ఉంది, ఏటా చలికాలం ముందు గూడబాతులు వచ్చి చెరువులో కడప చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఆ ఊరివాళ్ళు తరతరాలుగా వాటిని కాపాడుకొస్తున్నారు, పక్షుల రెట్ట కలిసిన నీళ్ళు పారితే పైరు బాగా వస్తుందని వాళ్ళ నమ్మకం.

నాలుగోది దూబగుంట. కలిగిరి మండలం, మీకు దగ్గరే. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రిబడుల్లో కూర్చుని అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళ కథే చదువుల పుస్తకంలో పాఠమై పక్క ఊళ్ళకు పోయింది. ఆ ఊళ్ళవాళ్ళూ కొట్లు మూయించారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. కేవీ అమ్మ గారి అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇదే. ఒక్క ఆడమనిషి పేరు కాదు, ఊరు ఊరంతా ఆడవాళ్ళ పేరు.

రెండో బెంచి (బుధవారం, సాయంత్రం 5:30)

ఆలోచన మంచిదే కానీ ఒక సందేహం. పిల్లల హౌస్‌కు సారా ఉద్యమం పేరా? ఆరో తరగతి పిల్లలకు సారా గురించి చెప్పాలా? కన్నవాళ్ళు ఏమంటారో. ఇంకా, నేలపట్టు 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది కదా. రేపు జిల్లాలు మళ్ళీ మారితే?

కలిగిరి కోడలు (బుధవారం, రాత్రి 9:50)

రెండో బెంచి గారికి. నేను కోడలిగా వచ్చింది ఆ మండలానికే. మా అత్తగారు ఆ రాత్రిబడిలో చదువుకున్నారు. పలక మీద సంతకం నేర్చుకున్నాక మొదట పెట్టింది సారా కొట్టు వద్దని రాసిన అర్జీ మీద. ఇప్పుడామెకు కళ్ళు సరిగ్గా ఆనవు, ఆ సంతకం మాత్రం ఇప్పటికీ పెడతారు. ఆరో తరగతి పిల్లకు సారా గురించి మనం చెప్పక్కర్లేదండీ, తాగొచ్చే నాన్న ఉన్న ఇంట్లో పిల్లకు అన్నీ తెలుసు. దాన్ని ఆపిన ఆడవాళ్ళు ఉన్నారనే ఆ పిల్లకు తెలియదు. అది బడిలో చెప్పాలి.

జిల్లా మారితే ఏమైందండీ? గూడబాతులకు జిల్లా తెలియదు. ఎప్పుడూ వచ్చే చెరువుకే వస్తాయి.

పాతరాయి (బుధవారం, రాత్రి 10:15)

కలిగిరి కోడలు గారూ, మీ అత్తగారి మాటలు వీలైతే ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. పలక, అర్జీ, ఏ రోజు ఎవరెవరు వెళ్ళారు, అన్నీ. శాసనాలు చదివేవాడిగా అడుగుతున్నాను. రాతి మీద రాజుల మాటలు మిగిలాయి. ఇవి మిగలాలంటే ఎవరో ఒకరు ఇప్పుడే రాసుకోవాలి.

బడిగంట (పదకొండు రోజుల తర్వాత, ఆదివారం, సాయంత్రం 7:00)

ఆలస్యానికి క్షమించండి. అయింది!

మొదట పేర్లు మేము నిర్ణయించలేదు. బోర్డు మీద పన్నెండు పేర్లు రాసి, ఒక్కో పేరు గురించి తొమ్మిదో తరగతి పిల్లలే ఐదు నిమిషాలు ప్రేయర్‌లో చెప్పారు. రోజుకు రెండు చొప్పున ఆరు రోజులు. తర్వాత చీటీ ఓటు. ఉదయగిరి, పెన్నా, నేలపట్టు, దూబగుంట నెగ్గాయి. తిక్కన ఐదో స్థానంలో ఆగిపోయారు, తెలుగు మాస్టారు చాలా బాధపడ్డారు. అందుకని లైబ్రరీ గదికి తిక్కన పేరు పెట్టాం.

పంపకం విశ్రాంత హెచ్ఎమ్ గారు చెప్పినట్టే చేశాం. కబడ్డీలో కొట్టుకున్న ఇద్దరూ చీటీలో ఒకే హౌస్‌లో పడ్డారు, పెన్నాలో. పీడీ సార్ మార్చమంటారేమో అనుకున్నాను, ఆయన మార్చలేదు. రిబ్బన్ల రంగులు తెలుపు, ఊదా, గోధుమ, నారింజ.

పాయింట్లు దేనికంటే: హాజరు, మధ్యాహ్న భోజనం దగ్గర వరుస, మొక్కలకు నీళ్ళు, నెలరోజులు బడికి రాని పిల్లవాణ్ణి ఇంటికెళ్ళి మాట్లాడి తీసుకొస్తే ఇరవై. ఈ ఆఖరిది పిల్లలే కలిపారు. మొదటి వారంలోనే దూబగుంట హౌస్ వాళ్ళు ఒక పిల్లను తీసుకొచ్చారు, ఎనిమిదో తరగతి, అమ్మతో కూలికి పోతోంది. ఇప్పుడు వస్తోంది.

మొదట నన్ను "మన వైపు వచ్చారా" అని అడిగిన ఏడో తరగతి పిల్లకు ఉదయగిరి పడింది. బస్సు కోసం ఎవరిని అడగాలి టీచర్ అంటోంది. డిసెంబరులో కోటకు తీసుకెళ్ళాలని అనుకుంటున్నాం. దాతలు ఎవరైనా దొరికితే నేలపట్టు కూడా.

కలిగిరి కోడలు (ఆదివారం, రాత్రి 7:25)

టీచర్ గారూ, మా అత్తగారికి చదివి వినిపించాను. ఆ బడికి తీసుకెళ్ళమంటున్నారు. ఏ రోజు రమ్మంటారు?

బడిగంట (ఆదివారం, రాత్రి 7:31)

శుక్రవారం ప్రేయర్ టైముకి రండి అమ్మా. తొమ్మిదింటికి. పలక ఇంకా ఉంటే తీసుకురమ్మనండి.

నీలగిరి98 (ఆదివారం, రాత్రి 8:10)

మేడమ్, మా నవోదయ బ్యాచ్ గ్రూపులో చెప్పాను. ఉదయగిరి హౌస్ వాళ్ళు పదిహేడు మంది ఉన్నారు, కోట ప్రయాణానికి బస్సు ఖర్చు వాళ్ళు పెట్టుకుంటామన్నారు. ఎంతమంది పిల్లలు, ఎన్ని సీట్లు కావాలో చెప్పండి.